తలుపు వెనక టేపు

ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి రివైండ్ చేస్తే టేపు తెగిపోతుందని మేష్టారే భయపడి నన్ను మా నాన్నకు అప్పగించేశారు.

విజయనగరంలో మా ఇంటి వెనక గదిలో, బియ్యం బస్తాలు ఉండాల్సిన చోట పాత టేపురికార్డర్లు ఉంటాయి. రెండు స్పీకర్లు, పైన పిడి ఉన్న రకం. బాగుచేసినవి కొన్ని, బాగవుతాయని నేను నమ్మేవి బోలెడు. కిటికీ కూడా వాటి వెనకే ఎక్కడో ఉంది.

ఒకసారి "ఒసే, తలుపు తియ్యే, ఊపిరాడట్లేదే" అని నా గొంతు రికార్డు చేసి, ఆ గదిలో మోగించి, వీధి అరుగు మీద కూర్చున్నాను. మా ఆవిడ, మేనత్త కూతురే, పొయ్యి మీద పప్పు వదిలేసి పరుగెత్తింది. పప్పు మాడింది. నేను మాత్రం వీధంతా చెప్పుకుని నవ్వాను.

బొబ్బిలిలో వీణలు చేసే ఒకాయన ఎనిమిది నెలల కిందట తన సెట్టు బాగుచెయ్యమని నాకిచ్చాడు. లోపల క్యాసెట్టు చిక్కుకుంది. వాళ్ళ నాన్న వీణకు మైనంలో మెట్లు అమరుస్తూ, ఒక్కోటీ మీటి చూపిస్తూ కొడుక్కి చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. ఆ పెద్దాయన పోయాడు. ఇంకో కాపీ లేదు. తెగిపోతుందేమోనని ఆ టేపు ముట్టుకోలేకపోయేవాణ్ణి. భయమని చెప్పలేక, ఏదో జోకేసి "రేపు" అని పంపేసేవాణ్ణి. చివరికి "బాగైనా కాకపోయినా శనివారం అట్టుకుపోతాను" అన్నాడు.

శనివారం పొద్దున్నే బెల్టు మార్చి, నలిగిన చోట టేపు కత్తిరించి అతికించాను. మోగించి చూద్దామని లేస్తుంటే మోచెయ్యి తగిలి సెట్ల దొంతర కూలింది. లోపలికి తెరుచుకునే తలుపుకూ ఎదుటి గోడకూ మధ్య బిగుసుకుపోయింది. ఒకటి లాగితే మిగిలినవి నా మీదికొచ్చేలా ఉన్నాయి. అంతలో కరెంటు పోయింది. ఫోను హాల్లో ఉంది.

"ఒసే, తలుపు తియ్యే! ఊపిరాడట్లేదే!"

"కొత్త మాటలు దొరకలేదేటి బావా?" పెరట్లోంచి మా ఆవిడ.

"టేపు కాదే, నానే! కరెంటు లేదు కదే!"

"బేటరీలేసుంటావు. నానేటంటానో ముందే ఊహించి జవాబు కూడా రికార్డు చేసుంటావు. ఈపాలి నానొస్తే ఒట్టు."

చెమట కళ్ళలోకి దిగింది. గోడలు దగ్గరికొస్తున్నట్టున్నాయి. ఇంతలో గేటు దగ్గర బొబ్బిలాయన గొంతు.

"బావ ఊరి మీదికెళ్ళాడు. టేపెట్టి నన్ను ఆడిస్తన్నాడు," అంది మా ఆవిడ.

"అయితే ఎల్లిపోతాను. ఆ సెట్టు ఆడినే ఉంచుకోమను. ఇంక రాను."

నేను గొంతు చించుకున్నాను. అరిచేకొద్దీ అది టేపే అనుకున్నారు. గేటు కిర్రుమంది.

ఆయన సెట్టు నా పక్కనే ఉంది. బ్యాటరీలు వేసి మీట నొక్కాను. అతుకు నిలుస్తుందో తెగుతుందో తెలియదు. కాసేపు గరగర. తర్వాత ఓ ముసలి గొంతు: "మైనం ఇంకా సల్లారలేదురా. తొందరపడకు." ఒక తీగ మోగింది.

అడుగులు వెనక్కి తిరిగి తలుపు దాకా వచ్చాయి.

"మావా, ఆపకు," అన్నాడు బొబ్బిలాయన.

"ఆపను గానీ తలుపు తొయ్యండి!"

తలుపు కింది సందులో రెండు నీడలు చతికిలబడ్డాయి. ఆ వైపు టేపు అయిపోయేదాకా అలాగే ఉన్నాయి. అప్పుడు ఇద్దరూ భుజాలు ఆనించి తోస్తే, నా దగ్గరున్న అన్నిటికంటే పాత సెట్టు ఫెళ్ళున పగిలి, తలుపు తెరుచుకుంది.

చెంబుడు నీళ్ళు తాగి, "మనిషి లోపల సస్తా ఉంటే అరగంట కూకుని టేపు విన్నారేటి?" అన్నాను.

ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎనిమిది నెల్లు రేపు రేపన్నావు మావా. నువ్వు అరగంట ఉండలేవేటి?"