ట్రయల్ రూంలోంచి చేసిన కాల్

మా చెల్లెలి మొగుడు ఇనుప రాడ్డు పట్టుకుని దుకాణంలోకి వచ్చేసరికి ఉదయం పదకొండు కావస్తోంది. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ప్లాంటు ఊళ్లో, కోహ్కా అనే పేటలో మా ఇంటి ముందు గదే నా టైలరింగు దుకాణం. నేను ఒక బ్లౌజుకి చేతులు కత్తిరిస్తున్నాను. చెల్లి గోడవారన కూర్చుని హుక్కులు కుడుతోంది.

అతను ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర బరువులెత్తే పని చేసేవాడు. పెళ్లయిన నాలుగేళ్లలో చెల్లికి ఒక పన్ను ఊడగొట్టాడు. ఎడమ చెవి వినపడకుండా చేశాడు. ఆ చెవి సంగతి అది మాకు చాలాకాలం చెప్పలేదు. వెనక నుంచి పిలిస్తే పలకనప్పుడు పొగరనుకుని నేనే రెండుసార్లు తిట్టాను కూడా. నెల కిందట కట్టుబట్టలతో నా దగ్గరికి వచ్చేసింది. దాని ఫోన్ అతను ముందే లాక్కున్నాడు.

"వదినా, దాన్ని బయటికి పంపిచ్చీ. నీతో నాకేటీ గొడవ లేదు," అన్నాడు. గొంతు పెంచలేదు.

"అదెక్కడికీ రాదు. పెద్దోల్లని తీసుకొచ్చి మాటాడు."

నా చెయ్యి టేబులు మీదున్న ఫోన్ వైపు వెళ్లడం చూశాడు. ఒక్క దెబ్బకి ఫోన్ రెండు ముక్కలైంది. కింద చెక్క కూడా పగిలింది. రెండో దెబ్బ కుట్టుమిషను మీద పడింది. నేను చెల్లి జబ్బ పట్టుకుని ట్రయల్ రూంలోకి లాగి గడియ వేశాను. ఇద్దరు మనుషులు కూడా సరిగా పట్టని గది అది. తలుపు ప్లైవుడ్‌ది.

అద్దం కింద బల్ల మీద నా పాత ఫోన్ ఉంది. కస్టమర్లకి మెడ డిజైన్ల బొమ్మలు చూపించడానికి మాత్రమే వాడేదాన్ని. సిమ్ము అందులోనే ఉంది గానీ రెండు నెలలుగా రీచార్జి లేదు. కాల్స్ పోవు, రావు. అయినా తీసి, ప్లాంటులో డ్యూటీలో ఉన్న మా ఆయనకి చేశాను. ప్లాను అయిపోయిందని, రీచార్జి చేసుకోమని ఒక ఆడగొంతు హిందీలో తీరిగ్గా చెప్పింది.

"అప్పా, అది పంజెయ్యదే," అంది చెల్లి. మా వైపు అక్కని అప్ప అంటాం.

రాడ్డు తలుపుకి తగిలింది. నా వేళ్లు చెమటతో జారి ఏదో నొక్కితే తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను. కింద 'ఎమర్జెన్సీ కాల్' అని ఉంది. రోజూ కనబడే మాటే. డబ్బులు కట్టినవాళ్ల కోసం పెట్టారనుకునేదాన్ని. నొక్కి, ఒకటి ఒకటి రెండు కొట్టాను. మోగింది! ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను.

ఫోన్ ఎత్తిన అమ్మాయి హిందీలో ఏమైందని అడిగింది. చెప్పాను. ఎక్కడున్నారని అడిగింది. పదిహేనేళ్లుగా ఉంటున్న ఇంటి చిరునామా నాకు గుర్తు రాలేదు. "కోహ్కా, నీళ్ల ట్యాంకు వెనక, పిండిమర పక్కన," అన్నాను. ఫోన్‌లో రీచార్జి లేదని కూడా చెప్పాను, అదేదో తప్పు చేసినట్టు.

"పర్వాలేదు దీదీ. కానీ కట్టయితే మేం తిరిగి చేసినా మీకు రాదు. ఫోన్ మత్ కాట్నా. అలాగే ఉంచండి. బండి బయల్దేరింది."

అప్పుడే తలుపు చీలింది. చీలికలోంచి చెయ్యి దూర్చి గడియ తీసి, చెల్లి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. దాని నుదురు తలుపు అంచుకి కొట్టుకుని రక్తం కళ్లలోకి కారింది. ఫోన్ నా చేతిలోంచి జారి నేల మీద పడింది. తీసే సమయం లేదు.

నేను అతని చొక్కా పట్టుకుని లాగాను. నా వైపు తిరిగి రాడ్డుతో ఒక్కటి వేశాడు. ఎడమ మణికట్టు మీద తగిలింది. నొప్పి ముందు తెలియలేదు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు మాత్రం తెలిసింది. వీధిలో పది మంది గుమిగూడారు. ఒక్కరూ గడప దాటలేదు. "ఘర్ కా మామ్లా హై," అని ఎవరో అనడం వినబడింది. ఇంటి గొడవట.

చెల్లి అతని కాలు రెండు చేతులా కావలించుకుని పిక్క మీద కొరికింది. అతను దాన్ని విదిలించబోయి, నేల మీద పడి ఉన్న లైనింగు గుడ్డలో కాలు మెలిక పడి వెల్లకిలా పడ్డాడు. రాడ్డు టేబులు కిందికి దొర్లిపోయింది. నా కుడిచేతి దగ్గర ఇస్త్రీ పెట్టె ఉంది. పొద్దున్నుంచీ ప్లగ్గులోనే ఉంది.

మొదటి దెబ్బ ప్రాణభయంతో కొట్టాను. తర్వాతివి భయంతో కొట్టినవి కావు. భుజం మీద, చెవి పక్కన, మళ్లీ భుజం మీద. కాలిన చొక్కా వాసన వచ్చింది. చొక్కాదొక్కటే కాదు, చర్మానిది కూడా. అతను లేవలేకపోతున్నాడని నాకు తెలుసు. చెల్లి నా చెయ్యి పట్టుకుని లాగింది. "అప్పా, సాలే. సచ్చిపోతాడే," అని ఏడ్చింది.

నీలం లైటు బండి అప్పుడొచ్చింది. ఇద్దరు పోలీసులు మమ్మల్ని ముగ్గుర్నీ విడదీశారు. ఆ అమ్మాయితో మాట్లాడి పది నిమిషాలు కూడా కాలేదని తర్వాత చెప్పారు. ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది.

నా మణికట్టులో ప్లేటు వేశారు. చెల్లి నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి. అతను పదిరోజులు ఆస్పత్రిలో పోలీసు కాపలాతో ఉండి, అట్నుంచటే జైలుకి వెళ్లాడు.

నెలన్నర తర్వాత మా ఇద్దర్నీ స్టేషనుకి పిలిచారు. కేసు చూస్తున్న ఆఫీసరు ఒక ఆడమనిషి. కంట్రోల్ రూంలో మా కాల్ రికార్డయిందని చెప్పి, కంప్యూటర్లో వినిపించింది. అతని బూతులన్నీ బయటపడతాయని ఉత్సాహంగానే కూర్చున్నాను. బూతులున్నాయి. తలుపు విరగడం, చెల్లి కేక, అన్నీ ఉన్నాయి. తర్వాత ధబ్బుమని పడిన చప్పుడు. అతని అరుపులు ఆగిపోయి మూలుగు మొదలైంది.

దాని మీద ఒక ఆడగొంతు. "సావరా! సావు! సావు!" ప్రతి మాటకీ ఒక దెబ్బ. ఆ గొంతులో ఏడుపు లేదు. సంబరం ఉంది. ఎవరిదో అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. నేను అలా అరిచినట్టు నాకు ఇప్పటికీ గుర్తు లేదు.

ఆఫీసరు ఆపి, "అప్పటికి అతని చేతిలో రాడ్డు ఉందా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

ఆమె నా మణికట్టు వైపు, చెల్లి నుదుటి వైపు చూసింది. "ఆత్మరక్షణే అని రాస్తాను. కోర్టులో అతని వకీలు మాత్రం ఇదే అడుగుతాడు. సిద్ధంగా ఉండండి," అంది.

ఆటోలో ఇంటికొస్తున్నప్పుడు చెల్లి నా వైపు తిరిగింది. "ఒకమాటంటే ఏటనుకోవు కదా?" అంది.

"అనూ."

"నువ్వరిసింది ఇంటంటే ఆయనే అరుస్తున్నట్టుందే అప్పా. అచ్చం అలగే."

నాకు కోపం రాలేదు. నిజమే చెప్పింది. నీ కోసమే కదా చేశాను అని దానితో అందామనుకున్నాను. కానీ ఆ చివరి దెబ్బలు దాని కోసం కాదని అదీ విన్నది, నేనూ విన్నాను.

కేసు ఇంకా నడుస్తోంది. బెయిలు మీద వచ్చిన అతను ఊళ్లో లేడంటారు. చెల్లి పక్క ఊరు కుమ్హారిలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరి, అక్కడే గది తీసుకుంది. నా దగ్గరే ఉండమని బతిమాలాను. "కొన్నాళ్లు ఎవలి అరుపులూ ఇనబడని చోట ఉంటానే," అంది. ఆదివారాలు వస్తుంది. పప్పు రుబ్బుతుంది, నా ఎడమచేతికి నూనె రాస్తుంది. వంటింట్లో నా చేతిలోంచి గిన్నె జారి గట్టిగా చప్పుడైతే మాత్రం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోం.