ముందు పంక్తి పందెం

మేము కొత్త ఇల్లు కట్టుకుని దావత్ ఇచ్చినప్పుడు నాకు చివరి పంక్తిలో విస్తరి వేశారు. ఆడవాళ్లందరిదీ ఆ పంక్తే, అందులో నాది ఆఖరి విస్తరి. మటన్ గంజు నా దగ్గరికి వచ్చేసరికి గరిటె అడుగున గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. విస్తట్లో రెండు బొక్కలు పడ్డాయి, మాంసం లేని ఉత్త ఎముకలు. వడ్డిస్తున్నది మా మరిది. "అయిపోయింది వదినా, జర పులుసు పోస్తనా?" అన్నాడు నవ్వుతూ.

నేను మరిచిపోలేదు. మరిచిపోయే అలవాటు నాకు లేదు. గోదావరి అవతల పుట్టి, వంతెన లేని రోజుల్లో పడవలో దాటి సిరొంచకు కోడలిగా వచ్చాను. ఆ పడవలో నా పెట్టె మీద ఎవరు కాలు పెట్టుకుని కూర్చున్నారో కూడా నాకు ఇప్పటికీ గుర్తే. ఇక్కడి బడిలో టీచరుగా ఇన్నేళ్లు చేసిన మనిషికి బొక్కలు గుర్తుండవా?

రెండో అవమానం టీవీ దగ్గర జరిగింది. మా ఇంట్లో టీవీ మగవాళ్లది, మగవాళ్లది అంటే క్రికెట్‌ది. ఒక సాయంత్రం ఆట సాగుతుంటే, ఆ మనిషి నిలబడే ఉన్నాడు గదా, అవుట్ ఎట్లయ్యాడు అని అడిగాను. మా మరిది తల తిప్పకుండానే, "ఆటల ముచ్చట నీకు సమజ్ గాదు వదినా. చాయ్ పెట్టరాదు" అన్నాడు. చాయ్ పెట్టాను. చక్కెర వేయలేదు.

ఆ రోజే అనుకున్నాను, అతనికి తెలియని ఆట ఒకటి నేర్చుకోవాలని. ముందు ఫుట్‌బాల్‌లో పేరున్న జట్లను ఫోన్‌లో చూడటం మొదలుపెట్టాను. లాభం లేకపోయింది. ఆ ఆటగాళ్లందరూ అతనికి తెలుసు. వాళ్లలో ఒకడిలా జుట్టు కూడా కత్తిరించుకున్నాడు. అందుకని అతనికి ఒక్క మనిషి పేరూ తెలియని చోటు దొరికేదాకా కిందికి దిగుతూ పోయాను. అలా ఆఫ్రికాకు చేరాను.

ప్రపంచకప్పుకు ఆఫ్రికా నుంచి పోయే దారిలో అప్పట్లో మొదటి రౌండ్ ఒకటి ఉండేది. ర్యాంకుల్లో కింద ఉన్న దేశాలను జతలు జతలుగా విడదీసి, ఒక ఆట నీ గడ్డ మీద, ఒక ఆట వాళ్ల గడ్డ మీద అని ఆడించేవారు. రెండు ఆటలూ కలిపి గోల్స్ లెక్క చూస్తారు. తక్కువైన జట్టు ఇంటికి పోతుంది, మళ్లీ కొన్నేళ్లదాకా దాన్ని పలకరించేవాళ్లుండరు. పెద్ద జట్లకు ఈ బాధ లేదు. కిందివాళ్లు కొట్టుకుని తేల్చుకున్నాక, వాళ్లు నేరుగా తర్వాతి రౌండ్‌లో వచ్చి కూర్చుంటారు. ఇది చదవగానే నాకు సంగతంతా అర్థమైపోయింది. ఇది మా ఇంటి చివరి పంక్తే.

ఆ పంక్తిలో కూడా ఆఖరి విస్తరి ఎవరిదని వెతికితే సోమాలియా కనిపించింది. ఇన్నేళ్లుగా ఆడుతున్నా ఈ ప్రపంచకప్పు దారిలో వాళ్లు ఒక్క ఆటా గెలవలేదట. దేశంలో పరిస్థితులు బాగాలేక సొంత గడ్డ మీద ఆడే వీలు కూడా లేదు. తమ ఊరి ఆటను పక్క దేశం జిబూటీకి పోయి ఆడాలి. ఎదుటి జట్టు జింబాబ్వే, వీళ్లకంటే ఎంతో పైన ఉంది.

మా ఇంట్లో సిగ్నల్ సరిగా అందేది డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనే. మొదటి ఆట సాయంత్రం ఫోన్‌ను ట్యాంకుకు ఆనించి కూర్చున్నాను. ఆరేసిన బట్టలు తీయడానికి మా అత్తమ్మ పైకొచ్చింది.

"ఎవలు బిడ్డా వాళ్లు?"

"నీలం అంగీలోళ్లు సోమాలియా అత్తమ్మా. మనం వాళ్ల దిక్కు."

"ఎవలూళ్లె ఆడుతున్నరు?"

"పక్కోళ్ల ఊళ్లె. కనీ వాళ్ల సొంతూరే అనుకోవాలె."

"అయ్యో, ఆడుకునేటందుకు ఇంత జాగ లేదా పాపం!" అని బట్టలు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

ఆట ముగుస్తుందనగా సోమాలియా గోల్ వేసింది. అదొక్కటే గోల్. గెలిచారు. ఆరిన బట్టలన్నీ కింద పడేసి మా అత్తమ్మ పిట్టగోడ దగ్గరికి పోయి, "మనోళ్లు గెలిచిండ్రుల్లా!" అని వాడంతా వినేటట్టు అరిచింది. ఏ ఎలక్షన్‌లో అని ఎదురింటివాళ్లు అడిగారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా మరిది ఒకటే నవ్వు. "అమ్మను గూడ పాడు చేసినవ్ వదినా. ఒక్కటి గెలిస్తే అయిపాయెనా? వాళ్లూరికి పోయినంక ఉంటది నీ సోమాలియాకు."

"వాళ్లు ఈ రౌండ్ దాటుతరు" అన్నాను.

"దాటితే నా మీసం తీసేస్త."

"నీ మీసం నేనేం జేసుకుంట? నీ కొడుకు పుట్టెంటికల దావత్ ఉన్నది గదా. సోమాలియా దాటితే ఆ దావత్‌ల ఆడోళ్లం ముందు పంక్తిల కూసుంటం. మీ మొగోళ్లు వడ్డించాలె, ఆఖర్న తినాలె."

మా మరిది చెయ్యి కంచంలోనే ఆగింది. అతని భార్య వంటింటి గడపలో నిలబడి కొంగుతో నోరు మూసుకుంది. మా ఆయన ఏ గొడవలోనూ తలదూర్చడు కాబట్టి పప్పు కలుపుకుంటూనే ఉన్నాడు.

"సరే" అన్నాడు మా మరిది. "మరి దాటకపోతే? ఆ బొక్కల ముచ్చట ఇగ జన్మల నీ నోట్లకెల్లి రావద్దు. ఒప్పుకుంటవా?"

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఆ ముచ్చట నేను ప్రతి పండుగకూ ఎత్తుతాను. చుట్టాలొస్తే వాళ్లకు మొదటినుంచి చెప్తాను. అది లేని ఇల్లు నేనెట్లా ఊహించుకోవాలి? అయినా ఒప్పుకున్నాను.

రెండో ఆట జింబాబ్వేలో. ఆ సాయంత్రం ఇక్కడ వాన. నేనూ అత్తమ్మా తలల మీద తాడిపత్రి పట్టా కప్పుకుని ట్యాంకు పక్కన కూర్చున్నాం. ఓడకపోతే చాలు, దాటినట్టే. కాసేపటికి కరెంటు పోయింది. కింద టీవీ ఆగిపోయిందని తెలిసింది, ఎందుకంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మా మరిది, వెనకాల అతని భార్య, ఆ వెనకాల మా ఆయన.

"జర జరుగుర్రి" అని మా మరిది తాడిపత్రి కిందికి దూరాడు.

"మా పంక్తిల నీకేం పని?" అన్నాను. జరిగాను లెండి, వాన గట్టిగానే పడుతోంది.

చాలాసేపు గోలే పడలేదు. చివరి పావుగంటలో పసుపు అంగీల జింబాబ్వే గోల్ వేసింది. మా మరిది గంతు వేస్తే తాడిపత్రి మీది నీళ్లన్నీ మా ఆయన మెడలో పడ్డాయి. అంతలోనే సోమాలియా తిరిగి వేసింది. అత్తమ్మ నా మోకాలి మీద ఎంత గట్టిగా చరిచిందంటే మర్నాడు బడిలో కుంటుకుంటూ నడిచాను. మా ఆయన, ఎవరి పక్షమూ పట్టని మనిషి, "అరె!" అన్నాడు. కొద్దిసేపటికే జింబాబ్వే రెండోది వేసింది. మా మరిది లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది వదినా!"

అదే మాట. అదే గొంతు.

"కూసో. అయిపోలే" అన్నాను. "రెండాటలు కలిపితే ఇద్దరివి రెండేసి గోల్స్. సమానమైతే పరాయి గడ్డ మీద ఎవలు ఎక్కువ ఏసిండ్రని చూస్తరు. సోమాలియా ఇయ్యాల వాళ్లింటికి పోయి ఒకటి ఏసింది. జింబాబ్వే పోయిన ఆటల ఒక్కటి గూడ ఎయ్యలే. ఇప్పటికిప్పుడు ఆట ఆగితే దాటేది మేమే."

"ఇదేం కానూన్? నువ్వే పుట్టిస్తున్నవా?"

జవాబు అత్తమ్మ చెప్పింది. "కరెక్టే గదరా. తల్లిగారింట్ల ఎవలైనా మాట నెగ్గించుకుంటరు. అత్తగారింట్ల నెగ్గించుకుంటేనే లెక్క."

మా తోటికోడలు పైకే నవ్వేసింది. మా మరిది కూర్చున్నాడు. ఇక అదనపు నిమిషాలే. ముందు పంక్తి నాకు కనిపిస్తోంది. మొదటి విస్తరిలో ఏ ముక్క వేయించుకోవాలో కూడా అనుకుంటున్నాను. అప్పుడు ఫోన్‌లో బొమ్మ ఆగి, మధ్యలో సున్నా తిరగడం మొదలైంది. అది తిరిగింది, తిరిగింది. బొమ్మ వచ్చేసరికి పసుపు అంగీలవాళ్లు ఒకరి మీద ఒకరు పడి కుప్పగా ఉన్నారు. మూడోది. ఆ గోల్ ఎలా పడిందో నేను చూడనేలేదు. ఆ సెల్ కంపెనీ మీద నా ఫిర్యాదు ఇప్పటికీ అలాగే ఉంది.

దావత్ రోజు వచ్చింది. పందెం ఓడాను కాబట్టి మగవాళ్లకు చాపలు పరిచి, విస్తర్లు వేసి, నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను. అందరికంటే ముందు మా అత్తమ్మ వచ్చి మొదటి విస్తరి ముందు కూర్చుంది.

"అమ్మా, అది ముందు పంక్తి" అన్నాడు మా మరిది.

"కనపడ్తలేదా నాకు?"

"వదిన పందెం ఓడింది గదనే!"

"పందెం ఆమె కట్టింది. నేను కట్టిన్నా?" అని, అరుగు మీదున్న ఆడవాళ్లను కేకేసింది. "రాండ్రి, కూసోండ్రి. మీరెవలన్న కట్టిండ్రా పందెం?"

ఎవరూ కట్టలేదు. మా తోటికోడలు పిల్లాడిని చంకనేసుకుని అత్తమ్మ పక్కన కూర్చుంది. పక్కింటి ఆపా, ఆమె కూతురు, రేగుంట నుంచి వచ్చిన చుట్టాలు, అందరూ. పంక్తి నిండింది. "నువ్వు గూడ రా బిడ్డా" అని అత్తమ్మ నన్ను పిలిచింది. నేను పోలేదు. మాట అంటే మాటే. ఆ రోజు పొద్దున్నే నేను దగ్గరుండి వండించిన కార్జం వేపుడు ఆ పంక్తిలోనే అయిపోయింది. ఇది కూడా నాకు గుర్తుంది.

చివరి పంక్తిలో మగవాళ్లతోపాటు నేనొక్కదాన్నే ఆడమనిషిని. నా పక్క విస్తరి మా మరిదిది. గంజు అతని దగ్గరికి వచ్చేసరికి గరిటె చప్పుడు మారింది. విస్తట్లోకి చూసుకుని, "ఇదేంది, బొక్కలే ఉన్నయి!" అన్నాడు.

నా నాలుక చివరిదాకా ఎన్ని మాటలొచ్చాయో నాకే తెలుసు. ఆ ముచ్చట ఎత్తనని మాటిచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఓర్చుకుని, గంజు అందుకుని, మెల్లగా అడిగాను.

"జర పులుసు పోస్తనా మరిదీ?"

అతను నా మొహం చూశాడు, విస్తరి చూసుకున్నాడు, తర్వాత పగలబడి నవ్వాడు. పులుసు పోయించుకున్నాడు కూడా.

ఈమధ్య ఆఫ్రికాలో ఆ పద్ధతి మార్చారు. మొదటి రౌండ్ తీసేసి చిన్నా పెద్దా జట్లన్నింటినీ గ్రూపుల్లో కలిపేశారు. సోమాలియా ఎక్కువగా ఓడుతూనే ఉంది కానీ, పెద్దవాళ్ల పక్కన కూర్చునే ఓడుతోంది. మా ఇంట్లోనూ ఇప్పుడు ఆడా మగా కలిసే ఒక్క పంక్తిలో కూర్చుంటున్నాం. మా మరిది అప్పుడప్పుడు డాబా మీదికొచ్చి, "ఇయ్యాల మనోళ్ల ఆట ఉన్నదా వదినా?" అని అడుగుతాడు. మనోళ్లంటున్నాడు. ముందు నవ్వింది తనే అన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

ఇక ఆ బొక్కల ముచ్చట. ఆ దావత్ నుంచి ఈ రోజు వరకు నా నోట్లోంచి ఒక్కసారీ రాలేదు. రాయొద్దని మాత్రం పందెంలో ఎవరూ అనలేదు.