గొంతు పోయిన టీవీ

చంద్రపూర్ దగ్గరి గడ్‌చాందూర్‌లో మా కిరాణా దుకాణం వెనకే మా ఇల్లు. రెంటికీ మధ్య గదిలో నలుపు తెలుపు టీవీ ఒకటి ఉండేది. షాంపూలు చిన్న పొట్లాల్లోకి దిగి, దుకాణం ముందు దండల్లా వేలాడడం మొదలైన రోజులవి. బజారులో కేబుల్ వైర్లు ఒక డాబా మీది నుంచి ఇంకో డాబా మీదికి పాకుతున్నా, మాకు మాత్రం సర్కారు టీవీయే గతి. పొద్దున పూట అందులో బడి పిల్లల పాఠాలు వచ్చేవి. ఒక టీచరమ్మ, చేతికి తొడుక్కున్న కుందేలు బొమ్మ, అరటిపళ్ల లెక్క, ఆవు గురించి నాలుగు ముక్కలు. పిల్లలందరూ బడిలో ఉండే వేళ వాళ్లకోసం ఇళ్లల్లో పాఠాలు చెప్పడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా ఇంట్లో ఆ పాఠాలు ఒక్కడికోసమే పెట్టేవాళ్లు. మా తమ్ముడికి నాలుగేళ్లు నిండవస్తున్నా మాట రాలేదు.

దానికి కారణం అందరికీ తెలుసు, అంటే తెలుసనుకున్నారు. వంటింట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర మరాఠీ, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు వస్తే హిందీ. "మూడు బాసల ఇల్లాయె. ఏది మాట్లాడాల్నో తెల్వక పోరడు ఆగిండు" అనేవాడు బాపు, మా నాన్న. చెవుల మీద అనుమానం రాలేదా అంటే, వచ్చింది. మా బాపమ్మకు, అంటే బాపును కన్నతల్లికి వచ్చింది. కానీ సున్నపురాయి గనిలో మందు పేల్చినప్పుడల్లా మా బిళ్లల సీసాలతోపాటు తమ్ముడూ ఉలిక్కిపడేవాడు. లారీ వస్తోందంటే మా అందరికంటే ముందు గుమ్మంలో ఉండేవాడు. "చెవులు లేనోడు గట్ల ఉరుకుతడా?" అని బాపు నవ్వేశాడు. బాపమ్మ అంతటితో వదిలేసింది.

పక్క వీధిలో చిన్నపిల్లల బడి నడిపే టీచరమ్మ మాత్రం ఊరుకోలేదు. ఇంట్లో పిల్లవాడితో ఒకే భాష మాట్లాడాలని, అది మరాఠీ అయితే మంచిదని, జూన్ నాటికి మాట వస్తేనే బడిలో చేర్చుకుంటానని చెప్పి చాయ్ తాగి వెళ్లింది. ఊరికే వచ్చే సలహాకు మా ఇంట్లో ఎప్పుడూ పెద్దపీటే. మరునాటి నుంచి తమ్ముడి ముందు తెలుగు బంద్.

అమ్మ పెళ్లయ్యాక నేర్చుకున్న మరాఠీతో ఎలాగో నెట్టుకొచ్చింది. బాపమ్మ మరాఠీ కూరగాయల బేరానికి మించి పోదు. "నువ్వు వానితోని మాట్లాడకమ్మా, వాడు మళ్ల ఆగమైతడు" అని కన్నకొడుకే ఆమెకు చెప్పాడు. అంతకుముందు ఆమె వాడికి అన్నం పెడితే ముద్దకో ముచ్చట ఉండేది. ఆ తర్వాత నోరు మూసుకుని ముద్దలు పెట్టేది. ఒక్కోసారి అలవాటుకొద్దీ "నా..." అని మొదలుపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాకు ఒళ్లు మండేది. ఆడపిల్లను, నా మాట ఎవరు వింటారు?

రోజూ పాఠం మొదలవగానే అమ్మ వాణ్ణి టీవీ ముందు పీట మీద కూర్చోబెట్టి, "బోల్ బాళా, బోల్" అని, ఒక్క మాట మాట్లాడమని బతిమాలేది. కుందేలు నోరు తెరిస్తే వాడూ తెరిచేవాడు. "సూసినవా, అంటుండు!" అని అమ్మ మురిసిపోయేది. జూన్ దగ్గర పడేకొద్దీ ఆమె బతిమాలడం ఎక్కువైంది.

జ్వరం వచ్చి నేను బడి మానిన ఒక పొద్దున, పాఠం మధ్యలో టీవీ గరగరమని గొంతు పోగొట్టుకుంది. బొమ్మ మాత్రం వస్తోంది. నేను లేచి బటన్ తిప్పాను, నెత్తిన రెండు దెబ్బలు వేశాను. లాభం లేకపోయింది. విసుక్కుని మళ్లీ మంచం ఎక్కాను. తమ్ముడు మాత్రం పీట మీది నుంచి కదల్లేదు. కుందేలు నోరు తెరిస్తే తెరిచాడు. అది టీచరమ్మ అరటిపండు ఎత్తుకుపోతే రోజూలాగే చప్పట్లు కొట్టి నవ్వాడు.

బాపమ్మ బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టింది. లేచి వాడి వెనక నిలబడి, ఎన్నో నెలల తర్వాత, "నాయినా, ఇటు సూడు" అని పిలిచింది. వాడు చూడలేదు. ఇత్తడి పళ్లెం తెచ్చి గంటెతో గట్టిగా కొట్టింది. నేను చెవులు మూసుకున్నాను. అమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. వాడు కుందేలునే చూస్తున్నాడు.

"లారీ వస్తే ఉరుకుతడు గదా అత్తమ్మా" అంది అమ్మ, పోట్లాడుతున్నట్టు.

బాపమ్మ నేల మీద కూర్చుని బండ మీద అరచెయ్యి ఆనించింది. ఎందుకో తెలియకుండానే నేనూ ఆనించాను. మా రోడ్డు మీద లారీలకేం కరువు! చప్పుడు ఇంకా సరిగా వినబడకముందే చేతి కింద బండ సన్నగా వణికింది. తమ్ముడు పీట మీది నుంచి లేచి గుమ్మంలోకి ఉరికాడు. అమ్మ ఉన్నచోటే కూలబడింది. పిండి చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే నాకు భయం వేసింది.

ఆ వారమే ఎర్రబస్సులో వాణ్ణి చంద్రపూర్ తీసుకుపోయారు. పుట్టుకతోనే వినికిడి లేదని డాక్టరు చెప్పాడట. ఇటువంటి పిల్లల బడి నాగ్‌పూర్‌లో ఉందని కూడా చెప్పాడట. తిరిగి వచ్చాక బాపు దుకాణం తెరిచి, ఎవరు పలకరించినా తల ఎత్తకుండా చక్కెర తూస్తూ కూర్చున్నాడు. టీవీ బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు.

బాపమ్మ తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం కలిపింది. మొదటి ముద్ద పెడుతూ మొదలుపెట్టింది. ఆమె పుట్టిన ఊరు, పత్తి చేను, చేనులోకి వచ్చిన అడవిపంది, దాన్ని తరిమిన మా తాత. నెలల తరబడి దాచుకున్న తెలుగంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. వాడు ముద్ద నమలడం మరిచి ఆమె పెదవులనే చూస్తున్నాడు.

అమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "అత్తమ్మా, వానికి వినవడదు" అంది.

"ఎరుకే బిడ్డా" అంది బాపమ్మ. "ఇన్నొద్దులు వాడు వింటడని నన్ను మాట్లాడనియ్యకపోతిరి. ఇప్పుడన్న మాట్లాడనియ్యి."