పుట్టింటి చీర

డెబ్భైల్లో బెజవాడలో ఒక అనాథ బాలికల హాస్టల్లో నేను కుట్టుపని టీచర్ని. పద్దెనిమిదేళ్ళు నిండాయో లేదో పిల్లకి ఏదో ఒక సంబంధం చూసి పంపేసేవాళ్ళు. చర్చిలో పెళ్ళవగానే వార్డెన్‌గారు ప్రతి పిల్లనీ దగ్గరికి తీసుకుని, "ఇదే నీ పుట్టిల్లమ్మా, ఎప్పుడైనా రావచ్చు" అని కళ్ళొత్తుకునేవారు. విని విని నాకు విసుగెత్తింది. పిల్లలు మాత్రం నమ్మేవాళ్ళు.

అలా నమ్మిన ఒక పిల్ల, ఊళ్ళన్నీ కలరాతో అల్లాడుతున్న రోజుల్లో, నిండు నెలలతో మైలవరం బస్సు దిగి హాస్టల్‌కి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో మంత్రసాని ఎవరి గడపా తొక్కడం లేదు. అత్తగారు లేరు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా అని మొగుడే బస్సెక్కించాడు.

వార్డెన్‌గారు గేటు తియ్యలేదు. "బయటివాళ్ళని రానివ్వడానికి లేదమ్మాయ్, లోపల పసిపిల్లలున్నారు" అన్నారు.

"నేను బయటిదాన్ని కాదండీ" అంది ఆ పిల్ల.

పసిపిల్లల మాట నిజమే, కాదనను. కానీ వెనకాల నా కుట్టుగది ఖాళీగా ఉంది. దానికి వేరే తలుపుంది. ఆ మాట అంటే, "మీరు టీచరు, టీచరులాగే ఉండండి" అని నా మీద లేచారు. పోనీ, ఆస్పత్రిలో చేర్పించే ఏర్పాటైనా చేశారా? ఒక గ్లాసు మంచినీళ్ళయినా ఇచ్చారా? ఎండలో రేకు పెట్టె మీద కూర్చున్న ఆ పిల్లని చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. రిక్షా పిలిచి మా ఇంటికి తీసుకుపోయాను. మా రెండు గదుల వాటాలోనే మా అమ్మ పురుడు పోసింది. ఆడపిల్ల పుట్టింది. దాంతో హాస్టల్లో నా ఉద్యోగం ఊడింది.

కలరా తగ్గాక, హాస్టల్‌కి చందాలిచ్చే పెద్దలెవరో వస్తున్నారని వార్డెన్‌గారు మా గుమ్మంలో దిగారు. "పుట్టింటికి రావాలమ్మా, బిడ్డతో ఫొటో తీస్తారు" అన్నారు. ఏం మొహం పెట్టుకుని వచ్చిందో మనిషి! నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల లేచి గబగబా తల దువ్వుకుంటోంది. ఆ సంతోషం చూసి పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను.

సాయంత్రం బిడ్డనెత్తుకుని తిరిగొచ్చింది, పొద్దున కట్టుకెళ్ళిన పాత నేతచీరతోనే. అక్కడ పట్టుచీర కట్టించారట, తలలో పూలు పెట్టారట. మా మనవరాలంటూ పెద్దల ముందు బిడ్డని ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకున్నారట. ఫొటో అవగానే చీర విప్పించి, మడతపెట్టి బీరువాలో పెట్టేసుకున్నారట. బాలింతని అన్నం తిని వెళ్ళమన్నవాళ్ళు లేరు.

కంచం ముందు కూర్చున్నాక మా అమ్మని అడిగింది. నిజంగా తెలియకే అడిగింది.

"పుట్టింటివాళ్ళు పెట్టిన చీర మళ్ళీ ఇచ్చెయ్యాలాండీ మామ్మగారూ? నాకీ పద్ధతులు తెలీవు."

మా అమ్మ ఆ పిల్ల కంచంలో ఇంకో గరిటెడు అన్నం పెట్టింది. నా నోటికో మాట వచ్చింది గానీ, అది రాస్తే ఎవరూ అచ్చు వెయ్యరు.