బంగారం రేటు కింద మా ఇంటి నంబరు

ప్రొద్దుటూరులో నగల కొట్టున్న ఇంటికి చిన్నకోడలిగా వచ్చాను. మా వాళ్ల లెక్కలో కోడలికి నగలు పెట్టుకోవడం తెలిస్తే చాలు. నేను కంప్యూటర్ మీద నగల డిజైన్లు గీస్తాను. మా బావగారు దాన్ని "బొమ్మలేసుకోవడం" అనేవారు. నేను గీసిన వడ్డాణం ఒక్కటైనా ఒక పెళ్లికూతురి నడుము మీద చూడాలని నా పంతం.

పులివెందులలో మాకు ఇంకో చిన్న కొట్టు ఉంది. అక్కడ మా ఆయన కూర్చుంటారు. డిజైన్లు వాట్సాప్‌లో పంపుతానంటే బావగారు ఒప్పుకోలేదు. "సాయంత్రానికల్లా బజారంతా మన మోడలే చేసి అమ్ముతాంటారు" అన్నారు. ఆ భయంలో మాత్రం న్యాయం ఉంది. అందుకే ఒక పాత కంప్యూటర్‌ను ఇంట్లో సర్వర్‌గా పెట్టి, డిజైన్లన్నీ అందులో దాచి, పాస్‌వర్డ్ వేశాను. పులివెందుల కొట్టులో ట్యాబ్ తీసి మా ఇంటి ఇంటర్నెట్ నంబరు, అదే మధ్యమధ్య చుక్కలుండే ఐపీ అడ్రస్, కొడితే అవి కనిపిస్తాయి.

చిక్కల్లా ఆ నంబరుతోనే. రౌటర్ ఆగి మళ్లీ వెలిగితే అది మారిపోతుంది. మా వీధిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినతనికి ఫోన్ చేస్తే "రౌటర్ ఒకసారి ఆపి మళ్లా ఎయ్యక్కా, సరిపోతాది" అన్నాడు. నంబరు మారేదే అందువల్ల కదా నాయనా అంటే, "అయితే ఇంగోసారి ఆపి ఎయ్యి" అన్నాడు.

పొద్దున్నే నంబరు చూసి మా ఆయనకు చెప్పే పని బావగారు తన మీద వేసుకున్నారు. పెద్దరికం కదా, వదలరు. కొట్టు వాట్సాప్ గ్రూపులో రోజూ బంగారం రేటు పెట్టేది కూడా ఆయనే. ఒకరోజు ఆ రేటు కిందే మా ఇంటి నంబరు పెట్టేశారు. ఆ గ్రూపులో మా ఖాతాదారులున్నారు, వాళ్ల చుట్టాలున్నారు, పక్క కొట్టువాళ్లు కూడా ఉన్నారు. వాట్సాప్ అంటే వణికిన మనిషి చేసిన నిర్వాకం అది.

"అందరికీ ఒగేసారి పోతాది గదమ్మా" అని పైగా నాకే చెప్పారు.

ఇంతలో మైదుకూరు నుంచి ఒక ఖాతాదారు ఫోన్. "అప్పా, బంగారం కింద చుక్కలు పెట్టి ఏందో రాసినావే, అది వెండి రేటా?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "అది కంప్యూటర్ సంగతిలేప్పా. శానా లోతు."

ఆ లోతు ఆయనకు ఎంత తెలుసో నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయి వచ్చింది, నంబరు మారింది. అప్పుడే పులివెందుల కొట్టుకు జమ్మలమడుగు నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. ట్యాబ్‌లో ఏమీ తెరుచుకోలేదు. నాకొక ఫోన్ చేద్దామన్న ఆలోచన కూడా లేకుండా మా ఆయన పాత క్యాటలాగు పరిచారు. అందులో ఒక్కటీ నచ్చక, మళ్లీ వస్తామని వాళ్లు వెళ్లిపోయారు. అన్నదమ్ములిద్దరూ తప్పంతా కంప్యూటర్ మీదికి నెట్టారు. "ఈసారి గూడా తెరుచుకోకపోతే ఆ డబ్బా తీసేస్తాం" అన్నారు బావగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక వాళ్లను నమ్ముకోవడం మానేసి, కూర్చుని చదివాను. ఇందుకు ఇంటర్నెట్‌లో ఒక సదుపాయం ఉంది. మన సర్వర్‌కు ఒక పేరు తీసుకుంటాం. నంబరు మారినప్పుడల్లా సర్వరే ఆ సంగతి పేరు ఇచ్చినవాళ్లకు చేరవేస్తుంది. బయట ఎవరైనా ఆ పేరు కొడితే కొత్త నంబరుకు దారి దొరుకుతుంది. మధ్యలో బావగారి అవసరం లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ గుణమే. పనిలో పనిగా పాస్‌వర్డ్ కూడా మార్చేశాను.

జమ్మలమడుగు వాళ్లు మళ్లీ వచ్చారు. మా ఆయన ఈసారి పేరు కొట్టారు, డిజైన్లన్నీ తెరుచుకున్నాయి. నేను ఫోన్‌లో స్పీకర్ మీద ఉన్నాను. పెళ్లికూతురు నా వడ్డాణం దగ్గర ఆగి "ఈ వడ్డాణమే కావాల" అంది.

"ఎవరు గీసినారప్పా ఇది?" అని తల్లి అడిగింది.

"మాకు నగలు చేసే ఆచారి గీసినాడమ్మా" అన్నారు మా ఆయన, తడుముకోకుండా.

"ఆచారి కాదక్కా. నేను గీసినా, ఈ కొట్టాయన భార్యను" అన్నాను ఫోన్‌లోంచి.

మా ఆయన నసిగారు. "ఆడమనిషి గీసిందంటే తీసుకుంటారో లేదో అని..."

"వడ్డాణం పెట్టుకునేది నువ్వాప్పా?" అంది ఆ తల్లి.