మా మామ్మ కాపలా కాసిన లిల్లీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో వాదనకి దిగి గెలిచినవాళ్లు లేరండీ. అవతలి పక్షం ఎప్పుడూ మా మామ్మే కావడం దానికి కారణం. పాస్టరుగారి దగ్గర్నుంచి పాలు పోసే అబ్బాయి దాకా అందరూ మా గుమ్మంలో ఒకసారి నోరు విప్పి, మూసుకుని వెళ్లినవాళ్లే. ఆవిడకి చెవులు బాగానే వినబడేవి. విన్నది బుర్రలోకి వెళ్లే దారి ఎక్కడో పూడిపోయింది, అంతే.

నేను ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టేసిన మనిషిని. అలాంటిదాన్ని దారువు, పోషక కణజాలం అంటుంటే మా మనవరాలు నోరు తెరుచుకుని చూస్తుంది. బడిలో నేర్చుకోలేదే అమ్మా, మా ఇంటి అరుగు మీద జరిగిన పోట్లాటలో నేర్చుకున్నాను.

మాది మామిడికుదురు దగ్గర ఓ పల్లె. నాన్న కువైట్‌లో ఉండేవాడు. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను. ఆ యేడు మా అత్త, అంటే మామ్మ కూతురు, పురిటికి వచ్చింది. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. అందుకని ఈసారి అత్త తుమ్మితే మామ్మ ప్రార్థన చేసేది, దగ్గితే ఉపవాసం పట్టేది. పొద్దున్నే పరగడుపున కొబ్బరి బొండం తాగితే కడుపులో బిడ్డకి చలవ అని ఆవిడ నమ్మకం. అదీ ఏ చెట్టుదో కాదు, వంటింటి పక్క చెట్టుదే కావాలి. ఆ నీళ్ల తీపి ఇంకే చెట్టుకీ లేదట.

పక్కింటి అక్క అమలాపురంలో డిగ్రీ చదివేది. బాటనీ. మా వీధిలోంచి బస్సెక్కి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల తనే. పాపం, చదివింది కడుపులో దాచుకోలేని జబ్బు ఉండేది. నేను జామకాయ కొరికితే చాలు, ఇప్పుడు నీ పళ్ల కింద ఎన్ని కణాల గోడలు కూలేయో తెలుసా అనేది. గోడలు కూల్చినందుకు పంచాయతీవాళ్లు పట్టుకుపోతారేమో అక్కా అని నేనంటే, నీకు చెప్పడం నాది బుద్ధి తక్కువ అని నెత్తి కొట్టుకునేది. మళ్లీ మర్నాడు చెప్పేది.

ఆ వేసవిలో కొబ్బరికి నల్లతల పురుగు పట్టింది. ఆకు అడుగున చేరి పచ్చదనమంతా గీకి తినేసేది. దూరం నుంచి చూస్తే తోటలకి ఎవరో నిప్పంటించినట్టుండేది. మందు పట్టేవాళ్లు వచ్చేరు. చెట్టెక్కి కొట్టే పని లేదు, వేరుకి తాగిస్తామన్నారు. చెట్టు మొదట్లో తవ్వి, పెన్సిలంత లావున్న బతికున్న వేరు ఒకటి చూసి, కొస ఏటవాలుగా కోసి, మందు పోసిన పాలిథిన్ కవర్లో దూర్చి, పురికొసతో బిగించి కట్టేరు. కట్టేముందే చెట్ల మీద కాయలన్నీ దింపించేసేరు. ఇక నెలన్నర దాకా ఈ చెట్ల కాయ ముట్టుకోకండి, మందు పైదాకా ఎక్కుతుంది అని చెప్పి మరీ వెళ్లేరు.

వంటింటి పక్క చెట్టు మీద లేత గెల ఒకటి మాత్రం మామ్మ దింపనివ్వలేదు. అవి పిందెలు, మీ కళ్లకి కాయల్లా కనబడుతున్నాయా అని దింపు తీసేవాడి మీద విరుచుకుపడింది. ఆ గెల ఎవరికోసమో చెప్పక్కర్లేదు కదా.

మర్నాడు పొద్దున్న చూస్తే కవర్లన్నీ ఖాళీ. చుక్క లేదు. అక్క సంబరపడిపోయి మామ్మని పిలుచుకొచ్చింది.

"చూసేరా మామ్మగారూ, చెట్టు మొత్తం తాగేసిందండీ."

"చెట్టు తాగడమేంటే, దానికి నోరుందా? చీమలు తాగేసుంటాయి."

"చీమలు తాగితే చచ్చిపడి ఉండాలి కదండీ. ఒక్కటి కూడా లేదు."

"తాగి ఇంటికెళ్లి చచ్చుంటాయి," అంది మామ్మ.

దీనికి సమాధానం ఏ కాలేజీలో చెబుతారండీ? అక్క కాలేజీ బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా, ఓ శనివారం సాయంత్రం నేను ఆడుకుని ఇంటికొచ్చేసరికి ఆ గెల మా అరుగు మీద ఉంది. మామ్మ చీరకొంగుతో బొండాలు ఒక్కోటీ తుడుస్తోంది, చంటిపిల్లల్ని తుడిచినట్టు. బస్సు దిగి వస్తున్న అక్క దడి పక్కనుంచి చూసి, పుస్తకాలు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. ఇక మొదలైంది.

అది విషం మామ్మగారూ అని అక్క. విషం వేరుకి కట్టేరు, కాయకి కట్టలేదే అని మామ్మ. అక్క చేతులు తిప్పుతూ చెప్పింది. చెట్టు ఒళ్లంతా వెంట్రుకల్లాంటి సన్నటి గొట్టాలుంటాయట. దారువు అనే గొట్టాలు వేరు తాగిన నీళ్లు పైకి మోస్తాయట. ఆకు వండిన కూడుని పోషక కణజాలం కాయలకీ వేళ్లకీ పంచిపెడుతుందట. వేరులో పడ్డది ఏదైనా ఊరంతా తిరుగుతుందట.

మామ్మ అంతా విని, "మోటారు పెడితే గాని మా డాబా మీదకి నీళ్లెక్కవు. మోటారు లేకుండా అంతెత్తు కొబ్బరిచెట్టుకి ఎవడు తోడుతున్నాడే?" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకి నేను మామ్మ పక్షమే.

"ఆకులేనండీ. ఎండకి ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటే, ఆ లాగుడుకి కిందనుంచి నీళ్లు వెనకాలే వస్తాయి. గొట్టం లోపల నీటిని నీరే పట్టుకుని ఉంటుందండీ."

"నీటిని నీరు పట్టుకుంటుందా?" మామ్మ మా అమ్మ వైపు తిరిగింది. "విన్నావా? దీనికి వాళ్ల నాన్న ఫీజు కడుతున్నాడు."

అమ్మ చూస్తే అత్తగారికి ఎదురు చెప్పదు. అత్త గుమ్మంలో బుగ్గన చెయ్యి పెట్టుకుని, ఏదో ఒకటి తేల్చండర్రా, నాకు దాహంగా ఉంది అంటుంది. రేపు పొద్దున్న చర్చికి వెళ్లేముందు మొదటి బొండం తాగిస్తాను, ఎవరడ్డొస్తారో చూస్తానని మామ్మ తీర్పు చెప్పి లోపలికి పోయింది. అక్క మొహం చూడాలి. అత్తతో విడిగా చెప్పి చూసింది. నాకు మాత్రం భయం లేదా, కానీ మా అమ్మ ఏడిస్తే చూడలేనే అంది అత్త.

ప్రతి శనివారం మామ్మ పెరట్లో తెల్లటి లిల్లీ కాడలు కోసి, ఇత్తడి చెంబులో నీళ్లు పోసి పెట్టేది, ఆదివారం చర్చిలో బల్ల మీద పెట్టడానికి. ఆ సాయంత్రం అక్క మళ్లీ వచ్చింది. కాలేజీ బొమ్మలకి వాడే ఎర్రసిరా బుడ్డి తెచ్చి చెంబులో ఒంపేసింది. కాడల కొసలు కాస్త కోసి మళ్లీ పెట్టేసింది. రేపు మామ్మ కళ్లతో చూస్తుంది, నువ్వు నోరు మూసుకుని ఉండు అని నాతో చెప్పింది. అది నాకెంత కష్టమైన పనో అక్కకి తెలియంది కాదు.

పొద్దున్నే మామ్మ కేక విని అందరం లేచేం. లిల్లీల రేకుల్లో ఎర్రటి గీతలు పాకి ఉన్నాయి, సన్నగా, చేతి మీద నరాల్లా. అవి క్రీస్తు పడ్డ బాధలు తలుచుకునే శ్రమదినాలండీ, గుడ్ ఫ్రైడే దగ్గర్లోనే ఉంది. మామ్మ ఏమనుకుని ఉంటుందో మీరే ఊహించుకోండి. మోకాళ్ల మీద పడిపోయింది. అక్క వచ్చేసరికి మా అరుగు మీద వీధిలో ఆడవాళ్లంతా ముసుగులేసుకుని కూర్చున్నారు, ఒకావిడ పాట ఎత్తుకుంది. ఇంకోవిడ పాస్టరుగారికి కబురు పెట్టమంటోంది.

అది కూడా ఫర్వాలేదండీ. మామ్మ లేచి కళ్లు తుడుచుకుని, ప్రభువు మన ఇంటికి గురుతు ఇచ్చేడు, ఇంక భయం లేదే తల్లీ అంటూ కత్తి తీసుకుని బొండం కొట్టేసింది. గ్లాసులో ఒంపి అత్త చేతికిచ్చింది. మామ్మ మనసు మార్చడానికి అక్క చేసిన పనే ఆవిడ మొండితనానికి దేవుడి ముద్ర వేసి పెట్టింది.

"అది సిరా!" అని అరిచింది అక్క. "సిరా మామ్మగారూ! నేనే పోసేను. ఆ గ్లాసు కింద పెట్టత్తా!"

పాట ఆగిపోయింది. అక్క చెంబెత్తి వాకిట్లో ఒంపితే ఎర్రగా పారింది. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వాలో తిట్టాలో తెలీక చర్చి వంకన లేచి వెళ్లిపోయేరు. మామ్మ మొహం ఆ నీళ్లకంటే ఎర్రబడింది. దేవుడి పూలతో ఆటలా అంది. గొట్టాలూ లేవు, గాడిదగుడ్డూ లేదు, రాత్రి నువ్వే కూర్చుని రేకులకి రంగు పూసేవు అంది. నువ్వు తాగే నువ్వు తాగు అని అత్తని కసిరింది. అత్త గ్లాసు పట్టుకుని మామ్మనీ అక్కనీ మార్చి మార్చి చూస్తోంది.

అక్క అరుగు మెట్టు మీద కూలబడింది. మోకాళ్లలో తల పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కాసేపటికి తనే లేచింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"మామ్మగారూ, పెరట్లో ఇంకా లిల్లీలున్నాయి. మీరే ఒకటి కొయ్యండి. సిరా మీరే పొయ్యండి. మీరే దగ్గర కూర్చుని చూడండి. నేను మా ఇంటికెళ్లిపోతాను. సాయంత్రానికి పువ్వు తెల్లగానే ఉంటే అత్తని తాగనివ్వండి. అంతదాకా ఆగండి, అదొక్కటే అడుగుతున్నాను."

ఆగడానికి మామ్మ ఒప్పుకుంది, నమ్మకం కుదిరి కాదు, దొంగని పట్టుకుందామని. ఆ ఆదివారం ఆవిడ చర్చి మానేసింది. నాకు తెలిసి అదొక్కసారే. గాజుగ్లాసులో ఎర్రసిరా నీళ్లు పోసి, లిల్లీ కాడ పెట్టి, గాలి తగిలే కిటికీ దగ్గర ఉంచి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చేతిలో చీపురు. ఈగ వాలినా కొట్టేది. అన్నానికి రమ్మంటే ఇక్కడికే తెమ్మంది. నేను దగ్గరకెళ్తే, దాని తరఫున వచ్చేవా అని చీపురెత్తింది.

మధ్యాహ్నం ఎండ బాగా కాస్తోంది. కునుకు పడుతున్న మామ్మ ఒక్కసారి ముందుకి వంగింది. నేను వెనకనుంచి తొంగిచూశాను. ఒక రేకు అంచున ఎర్రటి పోగు, దారం కంటే సన్నగా. కాసేపటికి దాని పక్కన ఇంకొకటి. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ రాలేదు, గాలి తప్ప ఏమీ కదల్లేదు. చీపురు మామ్మ ఒళ్లోంచి జారిపోయింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు.

"అక్కని పిలు," అంది.

అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. చూసేరా అని కూడా అనలేదు. మామ్మ పువ్వు మీంచి కళ్లు తిప్పకుండా అడిగింది.

"అమ్మాయ్, తల్లి తాగింది కడుపులో బిడ్డకీ ఇలాగే వెళ్తుందా?"

"దారి వేరండీ. వెళ్లడం మాత్రం వెళ్తుందండీ."

మామ్మ లేచింది. పొద్దుటి నుంచి మూత పెట్టి ఉన్న బొండం నీళ్ల గ్లాసు తీసుకెళ్లి, పెరటి చివర గోతిలో ఒంపింది. తర్వాత గెలలో బొండాలన్నీ ఒక్కోటీ కొట్టి, నీళ్లు అందులోనే పారబోసింది. ఖాళీ డొక్కలు కూడా అందులోనే వేసి, ఆవు నాకుతుందని పైన మట్టి కప్పింది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చేతులు కడుక్కుని వచ్చి అత్త పక్కన కూర్చుని, దాని పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు ఉండిపోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

వానలు పడ్డాక అత్తకి ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా. మామ్మ మారిపోయిందనుకోకండి. వీధిలో ఎవరైనా మందు కట్టిన చెట్టు కాయ దింపబోతే, వేరు తాగింది కాయకి రాదంటావేమే బుర్ర లేనిదానా అని తనే కనిపెట్టినట్టు దులిపేసేది. దడి అవతల అక్క పళ్లు నూరుకోవడం నాకు వినబడేది.

అరవై దాటాక నాకూ ఓ మొండిఘటం దొరికింది, మా కోడలు. మొన్న మాగాయకి మామిడిముక్కలు ఉప్పు పట్టిస్తుంటే, ఊట రావాలంటే కాసిని నీళ్లు పొయ్యాలి కదత్తయ్యా అంది. ఉప్పు చేరితే ముక్కలోని నీరే బయటికొస్తుందే అని చెప్పాను. పొడి ముక్కలోంచి నీళ్లెక్కడివి అంది. నాలుక చివరిదాకా ఎన్ని మాటలొచ్చాయో ఆ దేవుడికే తెలుసు. అన్నీ మింగేసి, ముక్కలు తన చేతే జాడీలో వేయించి, ఉప్పు తన చేతే కలిపించి, నువ్వే చూసుకో తల్లీ అని చెప్పి వంటింట్లోంచి బయటికొచ్చి కూర్చున్నాను. కాసేపటికి లోపల మూత తీసిన చప్పుడైంది. తర్వాత జాడీ కదిపితే ఊట చప్పుడు వినబడింది. నేను లేవలేదు, ఏమైందే అని అడగనూ లేదు.