దూరం నుంచి తీసే కెమెరా

మా ఆయన పోయిన ఆరో నెలలో ఆలేరు నుంచి ఆయన స్నేహితుడు మా స్టూడియోకు వచ్చాడు. అతనూ ఫోటోగ్రాఫరే. నన్ను వదినా అని పిలుస్తాడు. కూర్చోకముందే అద్దాల బీరువాలో ఉన్న మా కెమెరాల వైపు చూశాడు.

"ఇంకా గీ అద్దం కెమెరాలే పట్టుకొని తిరుగుతున్నవా వదినా?"

"నడుస్తున్నయి గదా."

"ఎడ్లబండి గూడ నడుస్తది."

నేను చాయ్ పోసిచ్చాను. అతను తన సంచిలోంచి కొత్త కెమెరా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. మాది కాక వేరే కంపెనీది. లోపల పైకీ కిందికీ కదిలే అద్దం లేదు, కాబట్టి నొక్కితే చప్పుడు రాదు. మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. దానికి పెట్టిన పొడుగు లెన్సుతో హాలు ఆ చివర నిలబడి ఈ చివరి పెండ్లికూతురి ముక్కుపుల్ల తీయవచ్చు. అయితే మా పాత లెన్సులేవీ దానికి పట్టవు. మారితే మొత్తం మారాలి. రెండు కెమెరాలు, మూడు లెన్సులు హైదరాబాద్‌లో అమ్మేసి కొత్త కంపెనీ సామాను తెచ్చుకోవాలి.

"నా తాన ఇంకోటి ఉన్నది. గిది వారం దినాలు నీ తానే పెట్టుకో. ఒక్క పెండ్లి తియ్యి. తీసినంక చెప్పు," అన్నాడు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "చప్పుడు గూడ రాదు వదినా, నువ్వున్నట్టే ఎవ్వలకు ఎరుక కాదు," అన్నాడు. అతను మంచికే అన్నాడు. నాకు జరుగుతున్నది అతని చెవిన కూడా పడిందని అప్పుడు అర్థమైంది.

మా స్టూడియో నార్కట్‌పల్లిలో, బస్సులు ఆగే చోటికి దగ్గర. తెలంగాణ వచ్చిన ఏడాది మొదటి మంచి కెమెరా కొన్నాం. అప్పటిదాకా ఆయన ఒక్కడే పనికి పోయేవాడు. పెండ్లికూతురిని తయారు చేసే గదిలోకి, నలుగు పెట్టే చోటికి మగవాళ్లను రానివ్వరు కాబట్టి నాకూ కెమెరా పట్టుకోవడం నేర్పాడు. మగవాళ్ల వైపు ఆయన, ఆడవాళ్ల వైపు నేను. చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ ఆ ఏర్పాటు నచ్చింది.

ఆయన నేర్పిన పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మన దిక్కు పెద్దవాళ్లు ఫోటో దిగేటప్పుడు ఊపిరి బిగబడతారు. మెడ నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద ఆనించి, గుర్తింపు కార్డు కోసం దిగినట్టు చూస్తారు. కెమెరా టక్ అన్నాక ఊపిరి వదులుతారు. భుజాలు దిగుతాయి, మొహం తన మొహం అవుతుంది. అప్పుడు రెండోసారి నొక్కాలి. "మొదటి టక్కు వాళ్లకు, రెండోది మనకు," అనేవాడు ఆయన. ఆల్బమ్‌లోకి ఎప్పుడూ రెండోదే పోయేది.

ఇంకొక పద్ధతి ఉండేది. ప్రతి పెండ్లిలో, బువ్వలకు ముందు, అక్కడున్న ముసలివాళ్లందరికీ తలా ఒక ఫోటో విడిగా తీసేవాడు. ఎందుకో వాళ్లకు చెప్పేవాడు కాదు. ఊరి పేరుతో దాచి పెట్టేవాడు. కొన్నేళ్లకు ఆ ఇంటి నుంచి ఎవరో ఒకరు గుంపు ఫోటో పట్టుకొని వచ్చి, ఇందులో మా బాపును కత్తిరించి పెద్దగా చేసివ్వు, పదకొండో దినానికి కావాలె అని నిలబడేవారు. ఆయన కంప్యూటర్‌లో వెతికి మంచి ఫోటో చూపించేవాడు. వాళ్లు ఏడ్చేవారు. వెనక మబ్బులు, వెలుతురు పెట్టమని అడిగితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ఆ మాటలో మేమిద్దరం ఒకటే. మనిషి వెనక మబ్బులు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆయన కిడ్నీలు చెడిపోయాయి. నాలుగేళ్లు, వారానికి మూడు రోజులు నల్గొండ దవాఖానకు డయాలిసిస్ కోసం పోయాం. ఆయన లోపల, నేను బయట బెంచీ మీద. నాలుగు గంటలు పట్టేది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు అక్కడ కూర్చొని చదివాను. మిగతా రోజుల్లో పెండ్లిళ్లు. ఓపిక ఉన్న రోజు ఆయన కూడా వచ్చి వేదిక మీద లైట్లు సరిచేసేవాడు. ఆ లైట్లు చూసుకోవడానికి, పెండ్లివాళ్లు రాకముందు, ఆయన్నే వేదిక మీద నిలబెట్టి ఒకటి రెండు ఫోటోలు తీసేదాన్ని. పూల కమాను కింద చేతులు వేలాడేసి, ఇక చాలా అన్నట్టు చూసేవాడు. ఇంటికొచ్చాక వాటిని చెరిపేసేదాన్ని. జాగా వృథా అని.

ఆయన పోయిన తర్వాత తెలిసింది, ఊరందరి ఫోటోలు ఉన్న మా కంప్యూటర్‌లో ఆయన ఫోటో లేదని. చెరపడం మరిచిపోయినవి మూడు దొరికాయి. మూడూ అటువంటివే. వాటిలో ఒకటి పెద్దగా చేసి గోడకు పెట్టాను. మా పాత లెన్సుల్లో ఒకదానికి ఒక దోషం ఉంది. ఫోకస్ కన్ను మీద పెట్టి తీస్తే చెవి స్పష్టంగా వస్తుంది, కన్ను కొంచెం అలికినట్టు వస్తుంది. అందుకని మేము ముక్కు మీద పెట్టి తీసేవాళ్లం, అప్పుడు కన్ను సరిగ్గా వచ్చేది. లైట్ల కోసం తీసే ఫోటోకు అంత జాగ్రత్త ఎవరు పడతారు? గోడ మీది ఫోటోలో ఆయన చెవి మీది వెంట్రుక కూడా కనబడుతుంది. కళ్లు మాత్రం కొంచెం దూరంగా ఉన్నట్టుంటాయి. దినం నాడు వచ్చినవాళ్లెవరూ గమనించలేదు. నేను రోజూ చూస్తాను.

మూడు నెలల తర్వాత మళ్లీ పనికి పోయాను. రావద్దని ఎవరూ అనలేదు. ముందే మాట్లాడుకున్న పెండ్లిళ్లు అవి. మొదటి పెండ్లిలో, తాళి కట్టే సమయానికి నేను వేదిక ఎక్కబోతుంటే పెండ్లికూతురి పెద్దమ్మ వచ్చి నా మోచేయి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వు జర దూరం నుంచి తియ్యరాదా. నీ కెమెరా మంచిదే గదా, ఆడికెల్లి గూడ మంచిగ వస్తది."

మొదట నాకు అర్థం కాలేదు. కెమెరా గురించి అంటుందనుకొని, "అంత దూరంకెల్లి రాదు పెద్దమ్మా," అన్నాను. ఆమె చేయి వదల్లేదు. మొహం పక్కకు తిప్పుకుంది. తిప్పుకోకముందు ఆమె చూపు తగిలిన చోట, బొట్టు లేని నా నుదురు నాకు గుర్తొచ్చింది. కిందికి దిగి స్తంభం దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి మా లెన్సుకు అందలేదు. నొక్కిన ప్రతిసారీ టక్ అంటుంటే ముందు వరుసలో ఆడవాళ్లు తిరిగి చూశారు. తాళి ఫోటోలో పెండ్లికొడుకు మేనమామ వీపు వచ్చింది.

తర్వాతి రెండు పెండ్లిళ్లలోనూ అదే మాట. మనుషులు వేరు, మాట మాత్రం ఒకటే. ఎవరూ నన్ను నొప్పించాలని అనలేదు. నా కెమెరాను పొగిడి నన్ను దూరం నిలబెట్టారు. ఏళ్ల తరబడి వాళ్ల గదుల్లో, వాళ్ల బిడ్డల చీర కుచ్చిళ్లు సర్దినదాన్ని నేను. కోపం రావాలి. రాలేదు. నాలుగేళ్ల దవాఖాన తర్వాత కోపానికి కావలసిన బలం నాలో మిగల్లేదు. పని అయిపోవాలి, ఇంత తినాలి, పొద్దు గూకకముందే ఇంటికి చేరాలి, అంతే.

అందుకే ఆలేరు మరిది పెట్టిపోయిన కెమెరాను ఆ వారమంతా చూస్తూ ఉన్నాను. అది నాకు సరిపోయే వస్తువు. స్తంభం దగ్గర నిలబడవచ్చు, చప్పుడు లేకుండా తీసుకొని పోవచ్చు. ఆయన సామాను అమ్మడం ఒక బాధ. అది ఎలాగో ఓర్చుకుంటాను. కాని అది కొనడమంటే ఆ స్తంభం దగ్గరి జాగా ఇక నాదేనని ఒప్పుకోవడం. కొనకపోతే ఇంకో సీజను తర్వాత నన్నెవరూ పిలవరు. పిలవకపోతే స్టూడియో మూసుకోవాలి. ఎటూ తేల్చుకోలేక, ఆ కెమెరా పట్టుకొని నల్గొండ వైపు ఒక ఫంక్షన్ హాల్‌లో పెండ్లికి పోయాను.

ఈసారి ఎవరూ చెప్పకముందే స్తంభం దగ్గర నిలబడ్డాను. నొక్కాను. ఏమీ వినబడలేదు. అసలు పడిందో లేదో అని వెనక తెరలో చూసుకున్నాను. పెండ్లికూతురి కన్ను, రెప్ప వెంట్రుకలతో సహా, స్పష్టంగా ఉంది. తాళి, తలంబ్రాలు, అప్పగింతల ముందు తల్లి మొహం, అన్నీ వచ్చాయి. ఎవరూ నా వైపు తిరగలేదు. పెండ్లి మొత్తంలో నాతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు హాయిగా అనిపించింది. ఆ మాట దాచను.

బువ్వలకు ముందు, అలవాటు కొద్దీ, ముసలివాళ్ల కోసం వెతికాను. పెండ్లికూతురి అవ్వ హాలు వెనక, కూలర్ పక్కన కుర్చీలో ఉంది. అంతకుముందు మంగళసూత్రం పళ్లెం అందరి చేతులకూ తాకించుకుంటూ ఆమె దాకా వచ్చినప్పుడు, ఆమె తన చేతులు కొంగు కింద పెట్టుకోవడం నేను లెన్సులోంచి చూశాను. ఎవరూ పెట్టుకోమనలేదు.

"అవ్వా, ఒక ఫోటో తీస్తా," అన్నాను. ఆమె కొంగు సర్దుకొని, చేతులు మోకాళ్ల మీద పెట్టి, గదవ పైకెత్తింది. నాలుగు బారల దూరం నుంచి తీశాను. తెరలో చూసుకొని తలెత్తితే ఆమె ఇంకా అలాగే ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, రెప్ప వేయకపోవడం వల్ల.

"అయిపోయిందవ్వా."

"ఎట్లయితది? సప్పుడు రాలే."

"గీ కెమెరాకు సప్పుడుండది."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "మరి దిగిన్నని నాకెట్లెరుక? పానం పొయ్యేదాక గిట్లనే బిగబట్టుకొని కూసుండాల్నా?"

పక్కన కూరగాయలు కోసి అలసిపోయి కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"గంత దూరముండి దొంగ తీరుగ తీస్తున్నవేంది? దగ్గెరికి రా. నాకేం గాదు, నేను గూడ నీ తీరుదాన్నే."

దగ్గరికి పోయాను. చప్పుడు వచ్చేట్టు పెట్టే ఏర్పాటు ఆ కెమెరాలో ఉంటుందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. మీటలు నొక్కుతూ వెతుకుతుంటే ఆమె ఊరుకోలేదు.

"కెమెరా నీదేనా బిడ్డా, యాడనన్న ఎత్తుకొచ్చినవా?"

"మా మరిదిది అవ్వా."

"గట్ల చెప్పు."

చివరికి దొరికింది. నొక్కాను. సన్నగా చిటుక్కుమంది.

"గిది సప్పుడా? పిల్లి తుమ్మినట్టున్నది," అంది అవ్వ. అంటూనే భుజాలు దించింది, నోరు సగం తెరిచి నవ్వింది. రెండోసారి నొక్కాను. ఆ రెండోది తీసేటప్పుడు నేను ఆమెకు బారెడు దూరంలో, నేల మీద మోకాళ్ల మీద ఉన్నాను.

మర్నాడు పెండ్లి ఫోటోలన్నీ కంప్యూటర్‌లో చూశాను. స్తంభం దగ్గర నుంచి తీసినవాటిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందరి కళ్లూ స్పష్టంగా ఉన్నాయి. ఎవరూ నా వైపు చూడటం లేదు. అవ్వ ఫోటో ఒక్కటే ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది. గోడ మీద ఆయన ఫోటో చూశాను. ఈ కెమెరా అప్పుడే ఉండి ఉంటే ఆ కళ్లు సరిగ్గా వచ్చేవి. ఆ విషయంలో మరిది చెప్పింది నిజమే.

ఫోన్ చేసి, "తీసుకుంట," అన్నాను.

"నే చెప్పలేదా వదినా. ఆ పొడుగు లెన్సు గూడ దుకాణంల చెప్పాల్నా?"

"అది వద్దు. దగ్గెరికెల్లి తీసేది చాలు."

"నీ ఇష్టం," అన్నాడు.

హైదరాబాద్‌లో దుకాణంలో పాత సామాను బల్ల మీద పేర్చాను. అక్కడి మనిషి ఒక్కో లెన్సు కెమెరాకు తగిలించి చూశాడు. మూడోదానితో తీసి, "దీని ఫోకస్ వెనకకు పడుతోందమ్మా," అన్నాడు. తెలుసన్నాను. కన్ను కావాలంటే ముక్కు మీద పెట్టి తీయాలని, కొనేవాళ్లకు ఆ మాట చెప్పమని అన్నాను. అతను తలూపాడు. చెప్తాడని అనుకోను.

కొత్త కెమెరాతో మొదటి పెండ్లి మా దగ్గరి ఊళ్లోనే. చప్పుడును అందులో ఉన్నంత పెద్దగా పెట్టుకొని పోయాను. నా చేయి ఇంకా అలవాటుగా ముక్కు మీదికే పోతోంది, కెమెరా తనంతట తాను కంటి మీదికి జరుపుకుంటోంది. ప్రతిసారీ చిన్న పెనుగులాట. తాళి కట్టే సమయానికి వేదిక మెట్టు ఎక్కాను. పెండ్లికొడుకు మేనత్త అడ్డం వచ్చింది.

"చెల్లె, జర దూరం నుంచి తియ్యరాదా. కొత్త కెమెరానట గదా, మంచిగ వస్తది."

"కొత్తదే అక్కా. గందుకే. గిది దూరంకెల్లి తీస్తే రాదు."

అది అబద్ధం. ఆమె కెమెరాను చూసింది, నన్ను చూసింది. కెమెరా మీద చెప్పిన మాటకు కెమెరా మీదనే జవాబు వస్తుందని ఆమె అనుకున్నట్టు లేదు. పక్కకు తిరిగి ఎవరినో కేకేసింది. ఆ తిరగడంలో ఒక అడుగు జాగా దొరికింది. అక్కడ నిలబడ్డాను. కాళ్లు పొద్దుటి నుంచి నొస్తున్నాయి.

పెండ్లికొడుకు తాళి ఎత్తాడు. నొక్కాను. చప్పుడుకు వేదిక మీదివాళ్లందరూ తలెత్తి నన్ను చూశారు. కొన్ని మొహాలు బిగుసుకున్నాయి. నేను కదల్లేదు. ముడి పడేటప్పటికి అందరూ మళ్లీ పిల్ల వైపు తిరిగారు, ఊపిరి వదిలారు. అప్పుడు రెండోది తీశాను.